తగ్గిందన్న మాట

సముద్రం మీద నుంచి వస్తున్న తడిగాలికి ఈ ఉదయం మా ఆఫీసు అద్దాలన్నీ ఉప్పు చెమ్మతో మసకబారాయి. కిటికీ తుడుస్తుంటే ఆ ఉప్పు వాసనతోపాటు వేదవల్లి మేడమ్ గొంతు గుర్తొచ్చింది. చెన్నైలో టీవీ చానెళ్లకు వాతావరణ అంచనాలు అందించే చిన్న సంస్థ మాది. విజయనగరం నుంచి వచ్చిన నాకు తుపానును చదవడం నేర్పింది ఆవిడే. ఇక్కడే పురసవాక్కంలో తరతరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం వాళ్లది. చేరిన కొత్తలో ఒకసారి, ఉపగ్రహ చిత్రంలో తుపాను నడుమ గుండ్రంగా తెరుచుకున్న కన్ను చూసి, "ఎంత బాగుందో మేడమ్!" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "కన్ను తేటపడిందంటే బలం పెరగతా ఉందని అర్థం శిరీషా. నడుమ గాలి కిందికి దిగి మబ్బు చెదిరిపోతాది. చుట్టూ మబ్బుల గోడ బిగుసుకుంటా ఉంది చూడు, చంపే గాలంతా ఆడనే ఉండేది." ఆ తర్వాత ఏ తుపాను బొమ్మా నాకు అందంగా కనిపించలేదు.

కొన్నేళ్లకు ఒక తుపాను నేరుగా నగరం మీదికే వచ్చింది. తీరానికి దగ్గరవుతుండగా, మధ్యాహ్నం, గాలి వేగం కాస్త పడింది. "బలహీనపడుతోందని ఇచ్చేయండి" అన్నారు మా యజమాని. మేడమ్ తెర మీద వేలు పెట్టి చూపించారు. "లోపలి గోడ కూలతా ఉంది సార్, నిజమే. కానీ దాని బయట ఇంకో గోడ లేచింది. వేగం తగ్గినా, గాలి వీచే మేర పెరిగిపోయింది. ఆ కొత్త గోడ బిగిసిందంటే మళ్లీ బలం పుంజుకుంటాది. తగ్గిందని మాత్రం చెప్పొద్దండి."

"జనాన్ని ఎంతసేపని భయపెడతామమ్మా?" అంటూ ఆయనే ఆ మాట చానెళ్లకు పంపించారు. మేడమ్ తన ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నారు. అప్పటికే లైన్లు పోయాయి.

సాయంత్రానికి గాలి మళ్లీ విరుచుకుపడింది. దుకాణం షట్టరు చూసి వద్దామని బయలుదేరిన ఆవిడ భర్త, దారిలో ప్రహరీ గోడ కూలి, దాని కింద చనిపోయారు. పలకరించడానికి వెళ్తే వాళ్లమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "పోవద్దు నాయనా అన్నాను అక్కా. 'టీవీలో మీ అమ్మ ఆఫీసోళ్లే చెప్తా ఉండారు గదా, తగ్గిందంట' అని పోయినాడు." మేడమ్ అక్కడే కూర్చుని వింటున్నారు. కంట తడి లేదు. ఆ ముఖం వైపు నేను చూడలేకపోయాను.

కర్మలయ్యాక ఆవిడ తిరిగి పనిలోకి వచ్చారు. యజమాని ఏదో చెప్పబోతే చేత్తో వారించి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నాతో ఒక్క మాటే అన్నారు. "ఏమన్నా రాసేముందు, దాన్ని నమ్మేది ఎవురో తలుచుకో శిరీషా."

ఇప్పుడు ఆ కుర్చీ నాది. బంగాళాఖాతంలో మరొకటి బలపడుతోంది. చానెల్ వాళ్లు ఫోను చేసి, "కాస్త తగ్గిందా మేడమ్?" అని అడుగుతున్నారు. నిజంగా తగ్గినప్పుడు కూడా ఆ మాట నా నోట సులువుగా రాదు. ముందు ఇంటికి ఫోను చేసి, మా ఆయన ఎక్కడున్నాడో కనుక్కుంటాను.