చెప్పకుండా వెళ్ళేవాళ్ళం

మొన్న మా పై వాటాలో ఉండే అమ్మాయి ఒక రంగుల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లల కోసం ఊళ్ళో కొత్తగా పెట్టిన కేంద్రం వాళ్ళదట. ఆరేళ్ళ కొడుకుని అందులో చేరుద్దామనుకుంటోంది. మాటలు నేర్పడం దగ్గర్నుంచి గుండీలు పెట్టుకోవడం దాకా అన్నీ వాళ్ళే చూస్తారట. ప్రతి పేజీలోనూ పిల్లలు నవ్వుతున్నారు. నేను చూస్తున్నది వాళ్ళ మొహాలు కాదని, మణికట్లని, కాసేపటికిగాని నాకే తెలియలేదు. డెబ్భై దాటినా పోని ఈ అలవాటు మా అక్క వల్ల వచ్చింది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాన్న బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు, మేమిద్దరం రైల్వే కాలనీ క్వార్టరులోనే పుట్టాం. అక్క మూడో ఏటగాని నిలబడలేదట, పదేళ్ళు వచ్చినా రెండు మూడు మాటలకి మించి కలిపేది కాదు. దానికొక పేరుందని, నేర్పితే నేర్చుకుంటారని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. కాలనీ వాళ్ళు హిందీలో పగలీ అనేవారు, మా చుట్టాలు ఎర్రిది అనేవారు, అక్క రెండింటికీ పలికేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవరో చెబితే నాన్న ఆమెను, రైల్లో ఒక పగలంతా వెళితే వచ్చే ఊళ్ళో, ఇలాంటివాళ్ళని చూసుకునే చోట వదిలి వచ్చాడు. క్షేమంగా ఉందని కార్డులు వచ్చేవి. మూడు నెలలకి ఎందుకో మనసు ఆగక నాన్న కబురు పెట్టకుండా బయల్దేరాడు. అక్కకి గుండు, రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకుపోయిన మచ్చలు. వెంటనే ఇంటికి తెచ్చేశాడు. పోయేదాకా ఆ ఊరి పేరు మళ్ళీ ఎత్తలేదు.

నాన్న పోయాక నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. ఇంట్లో అమ్మ, అక్క, నేను. ఎనభైల మొదట్లో, అక్క ముప్ఫై దాటాక, భుజానికి ఝోలా సంచీ తగిలించుకున్న ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చింది. పట్టాలకి అవతల ఒక అద్దె ఇంట్లో, పెరిగిపోయిన ఇలాంటి పిల్లల కోసం పగటి బడి పెట్టిందట. రోజూ పంపండి, ఏమీ ఇవ్వక్కర్లేదు అంది. అందరూ ఆవిడని దీదీ అనేవారు.

ఆవిడ గేటు దాటిందో లేదో అమ్మ అందుకుంది. "ఈ దినాల్లో ఉత్తినే ఎవులు సేస్తారే? ఏదో మతలబ్ ఉంటాది. మళ్ళీ నా పిల్లకి గుండు సేసి పంపుతారు."

నాకూ అదే అనుమానం. మతం మార్చడానికేమో, ఫొటోలు తీసి ఎక్కడికో పంపడానికేమో అని వారం రోజులు ఆవిడ గురించి కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. ఆ ఇంటికి ఫోనుండేది. లైను మీద చెవి పెట్టాలని మనసు ఎంత పీకినా, ఉద్యోగం పోతుందన్న భయంతో ఊరుకున్నాను. నమ్మకం కుదిరి పంపలేదు అక్కని. ఆ వర్షాకాలం అమ్మ పెరట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది, అక్కకి స్నానం చేయించే చెయ్యి లేక పంపాం.

రోజూ సాయంత్రం అక్క రాగానే చేతులు, వీపు, కాళ్ళు తిప్పి తిప్పి చూసేదాన్ని. నెల దాకా ఏమీ లేదు. ఒకరోజు ఎడమ మణికట్టు చుట్టూ ఎర్రటి గీత కనబడింది. ఏమిటే ఇది అంటే నవ్వి, పని, అంది. మర్నాడు గీత ఇంకా ముదిరింది. "నానెప్పుడో సెప్పాను," అని అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఆ మర్నాడు డ్యూటీ మార్చుకుని, మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఆ ఇంటికి వెళ్ళాను. పెరటి వైపు నుంచి కిటికీలోకి తొంగి చూశాను. చాప మీద కూర్చుని అక్క, మందుల దుకాణాలకి ఇచ్చే కాగితం కవర్ల కట్టలకి పురికొస చుడుతోంది. దారం జారకుండా ఎడమ మణికట్టుకి నాలుగు చుట్లు చుట్టుకుని, నాలుక బయట పెట్టి, బలమంతా వేసి లాగుతోంది. ఆ గీత దానివల్లే. మా అక్క పని చేస్తుండగా చూడడం నాకదే మొదటిసారి.

అక్కడితో వెనక్కి తిరిగేదాన్నేమో. వంటింటి గుమ్మం పక్కన పదిహేనేళ్ళ పిల్ల ఒకతె నిలబడి ఉంది. దాని చున్నీతోనే నడుముని కిటికీ చువ్వకి కట్టేశారు. పక్కనే ఆయా గిన్నెలు తోముకుంటోంది.

నేను లోపలికి వెళ్ళి ఎంత అరిచానో, ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. మీరంతా ఒకటే అన్న మాట మాత్రం గుర్తుంది. ముందు గదిలోంచి వచ్చిన దీదీ చూసి, తనే వెళ్ళి చున్నీ ముడి విప్పింది. వదిలితే రోడ్డు మీదకి పరిగెడుతుంది, లారీలు తిరుగుతాయి, నాకున్నవి రెండు చేతులే అని ఆయా ఏడ్చింది. దీదీ నాతో వాదించలేదు. తనకి ఇంకా ఏమేం తెలియవోనని భయపడినట్టుంది, పిల్లలందరినీ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. అక్క దగ్గరికి వచ్చి, "తుమ్‌కో యహా కోయీ బంద్ కర్తా హై?" అని అడిగింది, నిన్నిక్కడెవరైనా గదిలో పెట్టి మూస్తారా అని.

అక్క తల ఎత్తి, నా వైపు చూస్తూ తెలుగులో చెప్పింది. "ఇక్కడ కాదు. ఇంట్లో. అమ్మ ఏస్తాది గొళ్ళెం."

దీదీ నా వైపు తిరిగి, ఏమంటోంది అంది.

"కుఛ్ నహీ, దీదీ," అని, లేదంటోందని హిందీలో చెప్పాను.

ఇది ఇన్నేళ్ళలో నేనెవరికీ చెప్పలేదు. ఇంటికి చుట్టాలు వస్తే, నన్ను చూడ్డానికి పెళ్ళివారు వస్తే, అక్క వెనక గదిలో ఉండేది, బయట గొళ్ళెం పడేది. అమ్మ ఒక్కతే కాదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని నేనూ వేసిన రోజులున్నాయి. లోపల్నుంచి అక్క తలుపు తట్టేది కూడా కాదు.

ఆ సాయంత్రమే దీదీ పిల్లల తల్లులందరినీ పిలిచి జరిగింది దాచకుండా చెప్పింది. మీరే వంతులు వేసుకుని రండి, ఏ పూట ఎవరొస్తారో నాకు చెప్పకండి అంది. అలా మొదలైంది. ధర్సీవా నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఆవిడ, ఒక పంజాబీ ఆవిడ, నేను, ఇంకా కొందరం ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళేవాళ్ళం. మొదట్లో ఒకరి మీద ఒకరికి కూడా అనుమానమే. ఊరికే ఎంతసేపు తొంగి చూస్తాం, లోపల కూర్చుని మైదా జిగురు కలిపేవాళ్ళం, పరిగెత్తే పిల్ల చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తెచ్చేవాళ్ళం. రోజుకి రెండుసార్లు అలా తిప్పితే దానికి పారిపోవాలనిపించేది కాదు. ఎప్పుడూ అలాగేనని అనను. ఒక్కోసారి పారిపోయేది, అందరం పరిగెత్తేవాళ్ళం.

అక్క ఆ మాట చెప్పిన వారం, ఆదివారం నేను నాన్న స్క్రూడ్రైవరు తీసి వెనక గది గొళ్ళెం ఊడదీశాను. అమ్మ చూస్తూ నిలబడి, "సుట్టాలొస్తే?" అంది. రానీ అన్నాను. తర్వాత తిల్దా నుంచి పిన్ని వాళ్ళు శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు అక్క తిన్నగా వచ్చి మధ్యలో కూర్చుని, వాళ్ళ మిఠాయి పెట్టెకున్న దారం విప్పి పద్ధతిగా చుట్టసాగింది. పిన్ని చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని జరిగింది. అమ్మ అది చూసింది. వెళ్ళి, పిన్ని జరిగి ఖాళీ చేసిన చోట కూర్చుంది.

అక్క జ్వరం వచ్చి పోయేదాకా పదకొండేళ్ళు ఆ బడికి వెళ్ళింది. దీదీ తన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది, ఆ ఇంటి చోట ఇప్పుడు టైల్స్ దుకాణముంది. ఇప్పటి పిల్లలకి డాక్టర్లున్నారు, సర్కారు కార్డులున్నాయి, వాళ్ళ స్థితికి మర్యాదైన పేరుంది. పై వాటా అమ్మాయి కొడుకుని పగలా అనడానికి ఎవరికీ నోరు రాదు. కేంద్రంలో కెమెరాలున్నాయి, ఫోనులోనే చూసుకోవచ్చు ఆంటీ, అంది ఆ అమ్మాయి. మంచిదే. కానీ మేము నమ్మకం లేక వెళ్ళి వెళ్ళి అక్కడున్న అందరి పిల్లల పేర్లూ, ఎవరికి ఏ కూర పడదో కూడా నేర్చుకున్నాం, ఫోనులో ఎవరి పిల్లాడిని వాళ్ళే చూసుకుంటారు.

ఒక్కటి మాత్రం అప్పుడూ ఇప్పుడూ అలాగే ఉంది, ఇళ్ళలోకి ఎవరూ తొంగి చూడరు. దీదీ గుమ్మంలోకి మేమందరం చెప్పకుండా వెళ్ళాం, పదకొండేళ్ళు. అక్కని చేర్చాక మా గుమ్మంలోకి ఆవిడ ఒక్కసారీ చెప్పకుండా రాలేదు. వచ్చి ఉండవలసింది.