గిర్నీ చప్పుడును ఆపిన రేకు డబ్బా

బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని మానేశాక ఛాతీ జబ్బుతో మా బాపు గడప దాటలేకపోయేవాడు. ఆయనకు రేడియోనే తోడు. నేను బడిలో ఆడపిల్లలకు సైన్సు చెప్పేదాన్ని.

పక్కన పిండి గిర్నీ పెట్టిన రోజు నుంచి రేడియోలో పాటకు బదులు గరగర మొదలైంది. బజారులో రేడియోలు బాగుచేసే ఆయన వచ్చి చూసి, "రేడియో మంచిగనే ఉన్నది. గిర్నీ మోటారుల బొగ్గు బ్రష్షులు అరిగి నిప్పురవ్వలు లేస్తున్నయి. గా చప్పుడు కరెంటు తీగల పొంటి మీ ఇంట్లకొస్తున్నది" అన్నాడు.

బ్రష్షులు మార్పించమని గిర్నీ యజమానిని అడిగాను. ఆయన పిండి దులుపుకుంటూ నవ్వాడు. "గంత పరేషానైతే రేడియో అమ్ముకోండ్రి."

"అమ్మేది లేదు సేటూ. నీ చప్పుడునే నా ఇంట్ల అడుగు పెట్టనియ్య."

అన్నానే గానీ, అప్పటిదాకా ఒక్క తీగ చుట్టి ఎరగను. రేడియో ఆయన దుకాణానికి వెళ్లి ఉపాయం అడిగితే, "కరెంటు పని ఆడోళ్లతోని కాదమ్మా" అన్నాడు.

"చెప్పుండ్రి, రాసుకుంట" అని స్టూలు మీద కూర్చున్నాను.

ఆయన చెప్పినట్టే ఇంట్లో రూళ్లకర్ర ముక్కల మీద రాగితీగ చుట్టాను. మొదటిది జారి విడిపోయింది. మళ్లీ చుట్టేటప్పుడు బాపు కొస పట్టుకుని బిగించాడు, కుదిరింది. కరెంటు వచ్చే రెండు తీగలకూ చెరొక చుట్ట, ఒక్కోదాని నుంచి ఆ గరగరను భూమిలోకి దించే ఒక కండెన్సరు. అంతా రేకు డబ్బాలో బిగించాను. గరగర సగమే తగ్గింది. భూమి తీగ సరిగా లేదని తెలిసి, పెరట్లో గుంట తవ్వి బొగ్గూ ఉప్పూ నింపి ఆ తీగను పాతాను. గిర్నీకి వచ్చినవాళ్లు గోడ మీదుగా చూసి నవ్వారు. నేను తవ్వడం ఆపలేదు.

మర్నాడు సాయంత్రం గిర్నీ నడుస్తుండగానే పాట తేటగా వచ్చింది. "జర పెంచు" అన్నాడు బాపు. గోడవతలికి వినపడేలా పెంచాను.

కొన్నాళ్లకు గిర్నీ యజమానే వచ్చాడు. "మా ఇంట్ల రేడియో కొన్న. మొత్తుకుంటున్నది. గసొంటి డబ్బా నాకొకటి చెయ్యరాదు?"

"ముందుగాల బ్రష్షులు మార్చు. డబ్బా నీ మోటారుకే పెడుత. వాడకట్టంత బాగుపడుతది. గది కాదంటే నీ రేడియోను అట్లనే మొత్తుకోనియ్యి."

వెళ్లిపోయాడు. వారంలో బ్రష్షులు మార్చి కబురు పెట్టాడు. డబ్బా నేనే వెళ్లి బిగించాను.

ఆ ఏడు బడిలో పిల్లల చేతా చుట్టలు చుట్టించాను. "వాళ్ల అవ్వలు ఏమంటరో" అన్నాడు పెద్దసారు.

"రమ్మనుండ్రి, వాళ్లకూ నేర్పుత" అన్నాను. ఇద్దరు తల్లులు నిజంగానే వచ్చి పిల్లల పక్కన కూర్చున్నారు.