సైరన్‌కూ పేలుడుకూ మధ్య

నల్ల బెల్టు వచ్చాక కూడా రాజకుమారికి ఒక్క సంగతి పట్టుబడలేదు. ఎదుటివాళ్ల పిడికిలి మొహం మీదికి వస్తే ఆమె కళ్లు మూసుకునేది.

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య మైదానంలో భూపాల్ మాస్టర్ కరాటే నేర్పుతాడు. డిగ్రీ చదివే రోజుల్లో ఆయన దగ్గర చేరి, బడిపిల్లల వరుసలోనే నిలబడి రాజకుమారి అడుగులు దిద్దుకుంది. కటా, అంటే ప్రత్యర్థి లేకుండా వరుసగా చేసే దెబ్బలూ అడ్డుకోవడాలూ, ఆమె చేస్తుంటే పిల్లలు ఆట ఆపి చూసేవారు. కటా తరగతిని మాస్టర్ ఆమెకే అప్పగించాడు. ఫైట్ తరగతి మాత్రం ఇవ్వలేదు. ఆమెకు కావలసిందేమో ఆ ఫైట్ తరగతే.

"కండ్లు మూసుకునేటోనికి బస్సు స్టీరింగ్ ఇస్తరా? గిదీ గంతే."

"నేను మూస్తలేను మాస్టర్. అవే మూసుకుంటున్నయ్."

"మరి వాటినే అడుగు, ఎందుకని."

ఆయన ఎగతాళికి అన్నాడు. ఆమె నిజంగానే వెతకడం మొదలుపెట్టింది. శిష్యురాలు సహస్రను పక్కన నిలబెట్టి, ఫైట్ చేసేటప్పుడు తన కళ్లనే చూడమంది.

"అక్కా, దెబ్బ తాకినంక కాదు. అవతలామె చెయ్యి లేవకముందే మూస్తున్నవ్. ఊపిరి గూడ బిగవడ్తున్నవ్."

దెబ్బ రాకముందే ఎందుకు?

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం తరగతి నడుస్తుండగా ఓపెన్‌కాస్టు గనిలో సైరన్ మోగింది. కాసేపట్లో బొగ్గు మీది రాతిని పేల్చుతారు. పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి, భుజాలు బిగించి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. రాజకుమారి రెప్పలూ వాలబోయాయి. ఆ సందులోంచే ఆమె వాళ్లను చూసింది. నేల అదిరాక అందరూ కళ్లు తెరిచి, ఏమీ జరగనట్టే ఆట అందుకున్నారు. సైరన్‌కూ పేలుడుకూ మధ్య కళ్లు మూసుకుని ఎదురుచూడటం ఈ కాలనీలో ఊయలనాటి అలవాటు. దాన్నే తాను ఫైట్‌లోకి తెచ్చుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో ఉంటే, సైరన్ మోగగానే వెళ్లి, ఊపిరి బిగబట్టకుండా కళ్లు తెరిచే ఉంచాలని గోడ ముందు నిలబడేది. మొదట్లో ఊపిరంతా ఒకేసారి వదిలేసేది. మళ్లీ పీల్చే సమయానికి పేలుడు, కళ్లు మూత. వేడి చాయ్ ఊదినట్టు కొంచెం కొంచెంగా వదలాలని తర్వాత తెలిసింది.

రాత్రి డ్యూటీ చేసి పడుకున్న తండ్రి ముత్యం పేలుడుకు లేచి చూశాడు.

"ఏంది బిడ్డా, గోడ పడిపోతదని కావలున్నవా?"

"కండ్లకు డ్యూటీ నేర్పుతున్న బాపూ."

"నా సర్వీసంత అయిపోవట్టె, నావి ఇంకా నేర్వలే. నేర్చినంక చెప్పు."

చలి తగ్గేనాటికి ఆమె మాస్టర్ ముందు నిలబడింది. ఆయన పిడికిలి నేరుగా వచ్చి నుదుటికి తగిలింది.

"తప్పించుకోలే గద?"

"తప్పించుకోలే. కానీ మొత్తం చూసిన. కొట్టేముందు మీ ఎడమ మడమ లేస్తది మాస్టర్."

భూపాల్ తన కాలు చూసుకున్నాడు. మళ్లీ కొట్టబోయాడు. మడమ లేచింది, ఆమె పక్కకు జరిగింది, పిడికిలి గాలిలోకి పోయింది.

"రేపటి సంది ఫైట్ క్లాసు నీది" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మడమ ముచ్చట మాత్రం పిల్లలకు చెప్పకు."

ఇప్పుడు సైరన్ మోగితే ఆ మైదానంలో పిల్లలు ఎదురెదురుగా జంటలుగా నిలబడి, చాయ్ ఊదుతున్నట్టు ఊపిరి వదులుతూ ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తుంటారు. ముందు నవ్విన వాళ్లు గ్రౌండు చుట్టి రావాలి.