కంప్యూటరుకు నీళ్ళు నేర్పిన ఫిట్టరక్క

ఆవిరిని చల్లబరిచి నీళ్ళుగా మార్చే యంత్రాలను ఇరవై రెండేళ్ళు బిగించిన ఆవిడను కర్మాగారంలో అందరూ ఫిట్టరక్క అనేవారు. మోకాలు అరిగిపోయాక ఆమెను కంప్యూటర్ గదికి మార్చారు. యంత్రం లోపల ఏం జరుగుతుందో అక్కడ లెక్కలు కట్టి తెర మీద బొమ్మగా చూస్తారు. వచ్చిన అంకెలను పట్టికలో ఎక్కించడం ఆమె పని. కూర్చుని కూర్చుని ఆమెకు ప్రాణం విసిగిపోయేది.

మూడు నెలలుగా తెర మీది అంకెలకూ షెడ్డులోని అసలు యంత్రానికీ పొంతన కుదరడం లేదు. ఆ లెక్కలు కట్టే ఇంజనీరమ్మ తల పట్టుకుంది.

ఆ యంత్రంలో వరసలుగా పేర్చిన చల్లటి గొట్టాలకు తగిలి ఆవిరి నీళ్ళవుతుంది. ఒకరోజు ఫిట్టరక్క తెర మీదికి వంగి చూసి, “అన్ని గొట్టాల మీదా నీటి పొర ఒకే మందంగా ఉందేంటమ్మా?” అంది.

“అన్నీ ఒకే రకం గొట్టాలే కదక్కా!”

“గొట్టాలు ఒకటే. కానీ పైవరస మీంచి కారిన నీళ్ళు ఎటు పోతాయి? కింది వరస నెత్తినే పడతాయి. యంత్రానికున్న అద్దపు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో! అంత నీళ్ళు కప్పుకున్న గొట్టానికి ఆవిరి ఎలా తగులుతుంది?”

ఇంజనీరమ్మ నాలుక కరుచుకుంది. వరస వరసకూ కారే నీటిని లెక్కలో చేర్చి మళ్ళీ నడిపింది. సాయంత్రానికల్లా అంకెలు యంత్రంతో ఇంచుమించు కలిసిపోయాయి. ఆమె పరుగున వచ్చి అక్కను వాటేసుకుంది.

“ఇకనుంచి మీరు చూడందే ఏ బొమ్మా బయటికి పంపను.”

ఫిట్టరక్క ఇంటికెళ్ళి, దర్జీ అయిన భర్తతో, “నీళ్ళు కిందికి కారతాయని ఇవాళ కంప్యూటరుకు నేర్పొచ్చాను” అంది.

“మరి ఇన్నాళ్ళూ పైకి పోతున్నాయా?” అన్నాడాయన, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు అరగంట ముందే పనికి బయల్దేరింది.