వెనక్కి తిప్పిన తేదీ

నా కొడుకు పోయాక మా ఇల్లు కోడలి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ మీదే నడిచింది. డిజైన్లు గీసే పాత ప్రోగ్రాం కొత్త ల్యాప్‌టాప్‌లో నడవలేదు. కొత్త ప్రోగ్రాం కొననివ్వలేదు నేను. మనవరాలు ఆ ల్యాప్‌టాప్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి తయారుచేసి, అందులో పాతకాలపు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది. ప్రోగ్రాం గడువు తీరిందని, ఆ ఉత్తుత్తి కంప్యూటర్ తేదీని ఏళ్ల వెనక్కి తిప్పింది.

తెర మూలన ఆ తేదీ చూసి కోడలి చెయ్యి ఆగిపోయింది.

"అత్తమ్మా, గీ తేదీల ఆయన బతికుండె."

"అయితే గా డబ్బాలకెళ్లి లేచొస్తడా? పెండ్లోళ్ల జాకెట్లు రేపియ్యాలె. పని చూడు," అన్నాను.

పనయ్యాక కూతుర్ని బతిమాలింది. "జర గట్లనే ఉండనియ్యి బిడ్డా."

"కరెంటు బిల్లు నీ బాపొచ్చి కడ్తడా? బంద్ చెయ్యి," అన్నాను మనవరాలితో.

అది నా వైపు చూడకుండానే బంద్ చేసింది.