మా వదిన కప్పిన బొమ్మ

మా వదినకు దేన్నీ కోసి పారెయ్యడం చేతకాదు. వెబ్‌సైట్లకు బొమ్మలు తయారుచేసే మనిషికి అదేం రోగమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫొటోలో అక్కర్లేనిది ఏదైనా పడితే ఎవరైనా ఆ ముక్క కత్తిరించేస్తారు. వదిన మాత్రం దానిమీద ఇంకో పొర వేసి కప్పుతుంది. కోసింది తిరిగి రాదు, కప్పింది ఎప్పుడైనా తీసుకోవచ్చు అంటుంది. పని చేయించుకునేవాళ్ళు పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పే రకం కాబట్టి ఆ అలవాటు చాలాసార్లు మా పరువు కాపాడింది. అందుకని నేనూ నోరు మూసుకునేదాన్ని. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో మా అన్నయ్యనడగండి.

మా ఆఫీసంటే మా అన్నావదినల ఇంటి ముందుగదే. బొమ్మలు వదినవి, రాతకోతలూ ఫోన్లూ నావి. వదిన చాలా మంచి మనిషి, కానీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇక తన పని గురించి ఎవరైనా అడిగారా, నోట్లో నువ్వుగింజ నానదు.

పిల్లల గౌన్లు కుట్టే అమ్మాయి మా దగ్గరకు వచ్చింది ఆ రోజుల్లోనే. మొగుడి దగ్గర్నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చి, ఊళ్ళో ఒక మేడమీద గది తీసుకుని మిషన్ పెట్టుకుంది. గౌన్లు అమ్ముకోవడానికి సైట్ కావాలంది. చిరునామా, పేరు, ముఖం మాత్రం ఎక్కడా కనపడకూడదంది.

"వాడికి నేనెక్కడున్నానో తెలిస్తే చంపేస్తాడక్కా," అంది. ఏడవకుండా, కొలతలు చెప్పినట్టు చెప్పింది.

వదిన ఆమె గదికి వెళ్ళి ఫొటో తీసుకొచ్చింది. కిటికీ పక్కన మిషన్ ముందు కూర్చుని ఆ పిల్ల నవ్వుతోంది. వెనక కిటికీలోంచి ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు పేరుతో సహా కనిపిస్తోంది. చేతులూ గౌనూ ఉంచి మిగతాదంతా కోసెయ్యమన్నాను. అలా చేస్తే బొమ్మ చచ్చిపోతుందని వదిన గౌన్ల గుడ్డతాను ఫొటో ఒకటి తెచ్చి ముఖానికీ కిటికీకీ అడ్డంగా ఇంకో పొరలా పరిచింది. చూస్తే నిజంగానే ఆ పిల్ల గుడ్డతాను వెనక కూర్చుని కుడుతున్నట్టు ఉంది. అది మాత్రం ఒప్పుకుంటాను.

సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ కన్నుమూసింది. కొత్తదాంట్లో వదిన పాత సాఫ్ట్‌వేర్ ఎక్కనని మొండికేసింది. కొత్తది వెతకాలి. వదిన పెళ్ళిచూపుల్లా ఒక్కోదాన్నీ కూర్చోబెట్టి, ఈ ఫొటోనే ఇచ్చి పరీక్ష పెట్టింది. అందరూ వాడే పెద్దది మా కంప్యూటర్ మీద నత్తనడక నడిచింది. ఊరికే వచ్చేది పొరలన్నీ కలిపి ముద్ద చేసింది. ఇంకోటి చిన్నది, పేరు పెద్దగా ఎవరికీ తెలియనిది, ఒక్క పొర కూడా పోనివ్వలేదు. పైగా వెనకటిలా పని చేసుకునే ఫైలు వేరు, సైట్‌లో పెట్టే బొమ్మ వేరు అన్న బాధ లేదు. రెండూ ఒకటే. పని చేసిన ఫైలునే నేరుగా సైట్‌కి ఎక్కించెయ్యొచ్చు, రేపు దాన్నే మళ్ళీ తెరిచి మార్చుకోవచ్చు. వదిన మురిసిపోయింది. నాకెందుకో పెద్దదే తీసుకుందామనిపించింది. నత్తనడకైనా నలుగురూ నడిచిన దారి కదా అన్నాను. వింటేగా.

సైట్ వచ్చింది, గౌన్లు అమ్ముడుపోతున్నాయి. ఆ పిల్ల ఫోన్‌లో నవ్వడం మొదలుపెట్టింది. సైట్ అడుగున చిన్న అక్షరాల్లో మా నంబర్ వేసుకున్నాం, మా వృత్తిలో అందరూ వేసుకునేదే. ఒకాయన ఆ నంబర్‌కి ఫోన్ చేశాడు. చాలా మర్యాదగల గొంతు. గౌన్ల సైట్ బాగుందని, ఆ కుట్టు ఎక్కడో చూసినట్టుందని, తనకూ అలాంటి సైట్ ఒకటి కావాలని, బొమ్మలు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారని అడిగాడు. నేను ఫోన్ వదినకిచ్చాను. ఇంకేముంది, పేరు చెప్పింది, ఎలా ఎంచుకుందో చెప్పింది, ఏ పొరా పోదని కూడా చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడట. ఈ కాలంలో ఇంత శ్రద్ధగా వినేవాళ్ళెవరని వదిన సంబరపడింది. సైట్ చేయించుకునేవాడు ఖర్చు మాటెత్తకపోవడం నాకు నచ్చలేదు. ఆ మాటే అంటే, నీకు అందరిమీదా అనుమానమే అంది.

మళ్ళీ ఫోన్ వచ్చినప్పుడు అన్నం తింటున్నాం. వదినే తీసింది.

"మీ పొరలన్నీ చూశానండీ," అన్నాడాయన. "చాలా శుభ్రంగా పెట్టారు. థాంక్సండీ."

ఫోన్ పెట్టేశాడు. వదిన నవ్వుతూ ఆ మాట నాకు చెప్పింది. చెబుతూ చెబుతూనే ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే కంప్యూటర్ ముందు కూర్చుని, లోకంలో ఎవరైనా చేసినట్టే మా సైట్‌లోంచి ఆ బొమ్మ దించుకుని ఆ సాఫ్ట్‌వేర్‌లో తెరిచింది. పక్కన పొరల వరస వచ్చింది. గుడ్డతాను పొర మీద ఒక్కసారి నొక్కింది. గుడ్డ మాయమైంది. ఆ పిల్ల నవ్వుతోంది. వెనక మందుల షాపు బోర్డు, పేరుతో సహా.

వదినను పట్టుకుని రెండు పీకాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఆమె అప్పటికే ఆ పిల్లకు ఫోన్ చేసి నాకూ వినపడేట్టు పెట్టింది. అటువైపు మిషన్ చప్పుడు.

"తల్లీ, కిటికీలోంచి చూడు. ఎదురుగా ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారక్కా. మందుల షాపు ముందు ఒకతను అటు తిరిగి ఫోన్ చూసుకుంటున్నాడు." మిషన్ ఆగింది. "ఇప్పుడు ఇటు తిరిగి పైకి చూస్తున్నాడు."

"కిటికీ దగ్గర్నుంచి జరుగు. ఏమీ తీసుకోకు. వెనక మెట్లమ్మట దిగిపో."

"వెనక మెట్లెక్కడివక్కా," అంది ఆ పిల్ల, గొంతు బాగా తగ్గించి. "ఉన్నవి ఒకటే. అటే దిగాలి."

నేను నా ఫోన్‌లోంచి పోలీసులకు ఫోన్ చేస్తున్నాను, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వదిన తలుపు గడియ వెయ్యమని ఆ పిల్లకు చెబుతూనే రెండో చేత్తో సైట్‌లోంచి బొమ్మ తీసేస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె ఒక బొమ్మను మొత్తంగా కొట్టెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. ఇప్పుడు కొట్టేసి ఏం లాభం వదినా అని అరవాలనిపించింది. వదిన ఫోన్‌లోంచి మెట్లమీద పైకి వస్తున్న చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.