వీపు తిప్పిన పులి

ఆటల జట్టుకు గుర్తు గీయమంటే అందరూ పులి నోరే ఎందుకు తెరిపిస్తారో నాకు అర్థం కాదు. సింహమైతే జూలు విరబోసుకుని నోరు తెరుస్తుంది. గద్ద ముక్కు తెరుస్తుంది. ఎద్దు ముక్కుల్లోంచి పొగలు వదులుతుంది. ఇంత కోపం ఎవరి మీద? ఆడటానికి వచ్చారా, కొరకడానికి వచ్చారా? ఈ మాట ఇప్పుడు ధైర్యంగా అంటున్నానుగానీ, నేను గీసిన మొదటి పులి కూడా నోరు తెరిచే ఉంది. పైగా దాని నాలుక మీద మెరుపు కూడా దిద్దాను.

నేను శాలిబండలో బోర్డులు రాసేవాణ్ణి. బడికి పోయింది తక్కువ. తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్ల మీద, ఉర్దూ అక్షరాలు యునానీ మందుల దుకాణాల మీద, ఇంగ్లిషు అక్షరాలు లారీల వెనకాల చూసి పట్టుకున్నాను. నాకు చదవడం కంటే రాయడమే ముందు వచ్చింది. ఫ్లెక్సులు వచ్చాక కుంచెలు కట్ట కట్టి అటక మీద పెట్టాను. ఫ్లెక్సు మీద నాకున్న కోపం గురించి మొదలుపెడితే ఇది ఇంకో పుస్తకమవుతుంది. ఒక్క మాట అని వదిలేస్తాను. నాలుగు ఎండలకు వెలిసిపోయి, గాలికి చిరిగిపోయి, చివరికి మేకల కొట్టానికి పరదా అయ్యేదాన్ని బోర్డు అనరు.

మా చిన్నకోడలిది కాకినాడ వైపు. ఫోన్లలో చూసుకునే సీరియళ్ళు తీసే ఒక చిన్న కంపెనీలో, ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేస్తుంది. పేరుకే ఆర్ట్. సీనుకు కావాల్సిన కుర్చీలు, కర్టెన్లు, గోడ గడియారాలు తెప్పించి సర్దించడమే ఆమె వంతు. బొమ్మలు వేయడం వచ్చిన పిల్ల, రోజంతా కుర్చీలు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చేది. ఆ కంపెనీ వాళ్ళు పాతబస్తీలో జరిగే కబడ్డీ పోటీల కథ ఒకటి మొదలుపెట్టారు. మొహల్లాకో జట్టు. నిజంగా లేని జట్లు, నిజంగా జరగని పోటీలు. ఎవరో కంప్యూటరు మీద ఆ జట్లకు లోగోలు చేసి తెస్తే, అన్నీ ఒకే పులికి పుట్టిన పిల్లల్లా ఉన్నాయని డైరెక్టరు విసిరికొట్టాడట. అప్పుడు మా కోడలు మీటింగులో చెయ్యెత్తింది.

"మా మామయ్య గారు జన్మంతా బోర్డులే రాశారండీ, ఆయన చేత గీయిస్తానని అనేశాను మామయ్య గారూ," అంది ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి. "నోరు జారింది."

"జారింది నీ నోరైతే, గీయాల్సింది నా చెయ్యా?"

"బావుంటే సీరియల్లో బొమ్మల పనంతా నాకే ఇస్తామన్నారండీ."

"బాగలేకపోతే?"

"మళ్ళీ కుర్చీలేనండీ."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. అటక మీది కుంచెలు దింపాను.

మొదటి జట్టు బహదూర్‌పురా. అక్కడ జూ ఉంది కాబట్టి పులి. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది అనుకున్నాను. ప్లైవుడ్ ముక్క మీద ఎనామిల్ రంగులతో గీశాను. పులికి నీడ, నీడకు అంచు, అంచుకు బంగారు గీత. చుట్టూ బహదూర్‌పురా అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో. ఎందుకంటే ఈ బస్తీలో ఒక్క భాషలో బోర్డు రాస్తే మిగతా ఇద్దరూ దుకాణం ముందుకొచ్చి నిలదీస్తారు. ఖాళీ జాగా వదలడం కూడా మాకు చేతకాదు. వదిలితే గిరాకీ ఊరుకునేవాడు కాదు. "ఇంత జాగా ఖాళీగ ఇడిసినవేంది ఉస్తాద్, రంగు ఒడిసిందా?" అనేవాడు. చివరికి పులి తోక కింద, మా రివాజు ప్రకారం, నా దుకాణం పేరు కూడా రాశాను.

కోడలు దాన్ని ఫోనులో ఫొటో తీసింది. తర్వాత వేళ్ళతో నొక్కి నొక్కి చిటికెన వేలి గోరంత చేసి చూపించింది.

"స్కోరు పక్కన ఇంతే కనబడుతుందండీ."

కళ్ళజోడు పైకి తోసి చూశాను. ఏదో ఎర్రగా, చుట్టలు చుట్టలుగా ఉంది.

"జిలేబీలా ఉందండీ," అంది మెల్లగా.

మా ఆవిడ వెనకనుంచి తొంగి చూసింది. "జిలేబీనే. దాని మీద ఈగ గూడ వాలింది సూడు."

"అది ఈగ గాదు, నా దుకాణం పేరు!"

ఇంట్లో కాసేపు లొల్లి. నాకు కోపమొస్తే మాట ఆగదు. "బొమ్మను గోరంత జేసి, కనబడతలేదంటే ఎట్లమ్మా? చార్మినార్‌ను గూడ గోరంత జేస్తే అగ్గిపెట్టె లెక్కనే ఉంటది!"

కోడలు పక్కనే పడి ఉన్న పాత బిల్లు వెనకాల పెన్నుతో నాలుగు నిలువు గీతలు గీసింది. కింద ఒక కమాను, పైన నాలుగు చుక్కలు. గోరంత కూడా లేదు. నా ముందుకు జరిపింది.

అది చార్మినారే. ఎవరు చూసినా చార్మినారే అంటారు.

మర్నాటి నుంచి తీసెయ్యడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ నాకు పెట్టడమే తెలుసు. నీడ తీసేస్తే పులి చలికి వణుకుతున్నట్టు అనిపించింది. బంగారు గీత తీసేస్తే పేదదైపోయింది. మూడు భాషలూ తీసేసినప్పుడైతే నిజంగానే గుమ్మం వైపు చూశాను, ఎవరో వచ్చి అడుగుతారన్నట్టు. అన్నీ తీసేశాక మిగిలింది పిల్లి. పళ్ళు పెద్దవి చేస్తే మళ్ళీ ఆ కంప్యూటరు పులే వచ్చి కూర్చునేది.

మా సందులోనే కార్చోబ్ పని చేసిన దోస్తు ఒకడున్నాడు. పెళ్ళి బట్టల మీద జరీ కుట్టి కుట్టి కళ్ళు అలసిపోయి ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. నా బాధ విని, "ఇంట్ల కూసుని పులిని ఎట్ల గీస్తవ్ భాయ్? చల్, చూసొద్దాం," అన్నాడు. ఇద్దరం ఆటో ఎక్కి జూకు పోయాం.

పులి కందకం అవతల చెట్టునీడలో పడుకుని ఉంది. మా వైపు వీపు. జనం కేకలు, ఈలలు. "ఏయ్ షేర్, ఇధర్ దేఖ్!" అని, పులిని ఇటు చూడమని ఒకడు గొంతు చించుకుంటున్నాడు. అది తోక కూడా కదపలేదు.

"ఇంత దూరం వొస్తే వీపు సూపిస్తున్నది," అని దోస్తు విసుక్కున్నాడు. "సర్కారీ ఆఫీసుల క్లర్కు లెక్క."

నేను మాత్రం చెవులు చూస్తున్నాను. పులి చెవుల వెనకాల నల్లగా ఉండి, నడుమ తెల్లటి మచ్చ ఉంటుందని నాకు ఆ రోజుదాకా తెలియదు. వెనకనుంచి రెండు కళ్ళు మనల్ని చూస్తున్నట్టే ఉన్నాయి. ఇంతలో ఎక్కడో బకెట్టు చప్పుడైంది. ఒంట్లో ఇంకేదీ కదల్లేదు, ఒక్క చెవి మాత్రం అటు తిరిగింది. అది అందరినీ వింటోంది. ఎవరినీ లెక్కచేయడం లేదు.

"నోరు బంద్ పెట్టుకుంటేనే దీనికి ఇంత రువాబు ఉన్నది సూడు," అన్నాను.

"నువ్వు గూడ జర నేర్సుకో," అన్నాడు దోస్తు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎలక్షన్ల పని గుర్తొచ్చింది. ఒకప్పుడు ఎలక్షన్లు వస్తే గోడల మీద గుర్తులు వేసేవాళ్ళం. ఎవరో ఇండిపెండెంటుకు బకెట్టు, ఇంకొకడికి దువ్వెన. అక్షరం రాని ముసలమ్మకు కూడా రోడ్డు అవతలనుంచి అర్థం కావాలి. పాత ఎక్స్‌రే ఫిల్ములో గుర్తును కోసి, గోడకు ఆనించి, రంగు అద్దుకుంటూ పోవడమే. నీడా లేదు, మెరుపూ లేదు. అది కళ కాదు, కూలి అనుకునేవాణ్ణి. ఆ పని చేసిన రోజుల్ని నా పనిలో జమ కూడా వేసుకోలేదు. లోగో అని ఇప్పుడు ఇంత పెద్ద నోరు చేసుకుని చెబుతున్నది దాన్నేనా అని ఆటోలోనే ఒళ్ళు మండింది. మండినా, దారి దొరికింది.

ఇంట్లో ఉన్నది మా ఆవిడ మోకాలి ఎక్స్‌రే. దాన్ని తీసుకుని కత్తెరతో కూర్చున్నాను.

"నా మోకాలు చిప్పల పులి చెవులు కోస్తున్నవా?" అంది ఆమె.

"నొప్పి ఏమన్న తగ్గుతదేమో సూడు."

ఫిల్ము కోసేటప్పుడు ఒక తిప్పలుంది. నల్ల చెవి ఆకారం కోసేస్తే, నడుమ తెల్లగా ఉండాల్సిన మచ్చ ఊడి కింద పడిపోతుంది. దాన్ని నిలపాలంటే ఒక సన్నటి పట్టీ వదలాలి. ఆ పట్టీని ఎటు వదలాలా అని చాలా ఫిల్ము పాడుచేశాను. చివరికి చెవి కొస వైపు వదిలితే చెవి నిక్కబొడుచుకున్నట్టు బిగువు వచ్చింది. ఫిల్ము నిలపనిది ఏదీ బొమ్మలో ఉండకూడదని అప్పుడు తెలిసింది.

గోడల పనిలో మాకొక పద్ధతి ఉండేది. మొదటి గుర్తు వేయగానే క్యాండిడేటు మనిషి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు ఏమంటున్నారో వినేవాడు. బకెట్టును గ్లాసు అంటే సున్నం కొట్టి మళ్ళీ వేయాల్సిందే. అదే చేశాను. మా ఇంటి గోడ మీద పులి వీపు వేసి, ఎదురు అరుగు మీద కూర్చున్నాను.

పాల ప్యాకెట్టు తీసుకుని పోతున్న ఒకామె ఆగింది. "ఉల్లిగడ్డలు ఇక్కడ అమ్ముతున్రా?"

నాకు తల కొట్టేసినట్టయింది. సున్నం కొట్టాను. చెవులు దూరం జరిపాను. మెడ మీద చారలు దింపాను. భుజాలు వెడల్పు చేశాను. మళ్ళీ వేసి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ఎవరో ఎలుక అన్నారు. మళ్ళీ సున్నం. నేను అలా గోడకు తెల్లబట్ట కడుతూ, విప్పుతూ ఉంటే కోడలు రోజూ ఆఫీసునుంచి వచ్చి గోడ చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయేది. గడువు దగ్గరకొస్తోందని ఆమె నడకలోనే తెలిసిపోయేది.

ఒక పొద్దున సందులోకి వచ్చిన ఆటోవాలా బండి నెమ్మది చేసి, గోడ చూసి, నన్ను చూశాడు. "క్యా బడే మియా, షేర్ నారాజ్ హై క్యా?"

పులి అలిగిందా అని అడిగాడు. పులి అని నేను చెప్పలేదు. అక్కడ రాసి కూడా లేదు. దాని మనసులో ఏముందో కూడా వాడే కనిపెట్టాడు. లోపలికి పరుగెత్తి, "అమ్మా, కంప్యూటరు తెరువు!" అని అరిచాను.

గీతల్ని కంప్యూటర్లో శుభ్రం చేసింది ఆమే. ఎడమ చెవి వంపును నా కంటే బాగా పట్టింది. నాకు పొగడటం రాదు, అయినా ఆ మాట చెప్పాను. మర్నాడు మీటింగులో డైరెక్టరు, "మొహం ఏదండీ?" అన్నాడట. "కూతకు పోయినవాడు అవతలి జట్టుకు వీపు చూపించి గీత దాటి వస్తేనే కదండీ పాయింటు? వాళ్ళకు చివర కనబడేది ఇదే," అందట ఈమె. ఆ మాట నేను చెప్పింది కాదు. నాకు తట్టనే లేదు. బనియన్ల వీపు మీద అచ్చు వేయించి, షూటింగులో చూశాకే తేలుస్తానన్నాడట ఆయన.

షూటింగ్ చూడటానికి నన్నూ తీసుకుపోయింది. మైదానం చుట్టూ జనం. మొహల్లాల నుంచి పిలిపించినవాళ్ళు, చెయ్యి ఊపితే అరవాలి, దించితే ఆపాలి. బహదూర్‌పురా కుర్రాడు కూతకు పోయి, ఒకణ్ణి ముట్టి, వెనక్కి తిరిగి గీత వైపు దూకాడు. పరుగులో వాడి భుజాలు కదులుతుంటే వీపు మీది పులి చెవులు కూడా కదిలాయి. నేను కోసింది ఫిల్ములో, అది కదులుతుందని ఎవరనుకున్నారు? ఎవరూ చెయ్యి ఊపలేదు. జనం అరిచారు. ఆపమన్నా ఆపలేదు. లేని జట్టు కోసం ఒకాయన టోపీ గాల్లోకి విసిరాడు.

డైరెక్టరు తెర మీద అది మళ్ళీ వేసుకుని చూశాడు. కోడలితో ఏదో అన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి చాయ్ గ్లాసు చేతికిచ్చింది. "కుర్చీలు ఇకనుంచి వేరేవాళ్ళు చూస్తారటండీ," అంది. అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

చాయ్ పూర్తికాకముందే ఒక లావుపాటి మనిషి మా ముందుకొచ్చి నిలబడ్డాడు. కిషన్‌బాగ్ జట్టు తరఫున అరవడానికి వచ్చినవాడు. నిజంగా ఉండేది కూడా కిషన్‌బాగ్‌లోనే. ఆ జట్టు బనియన్లకు ఇంకా గుర్తేమీ గీయలేదు.

"ఏందక్కా ఇది? వాళ్ళకేమో పులి, మాకేమో ఉత్త వీపా? ఎట్ల అరవాలె మేము?"

"ఆయన్నే అడగండి," అంది కోడలు నన్ను చూపించి.

"మీ కాడ ఏమున్నది చెప్పు, గీస్త," అన్నాను.

"మా కాడనా బాపూ? దోమలున్నయి!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. "నవ్వకుండ్రి. దోమ జేసేదేంది? పోతది, ముట్టుతది, దెబ్బ తప్పిచ్చుకోని వాపస్ వస్తది. కూత మాత్రం ఆపది. కబడ్డీ అంటే గదే గదా?"

"మాట నిజమే బాపూ. గని దాని కాళ్ళు మస్తు సన్నం. దూరం నుంచి ఏం కనబడతయి?"

సరైన ప్రశ్న. గోరంత చేస్తే కాళ్ళే ముందు మాయమవుతాయి. ఎన్ని కాళ్ళు ఉంచితే దోమ దోమగా మిగులుతుందో నాకు తెలియదు. కోర్టు గీతలకు తెచ్చిన సున్నం సంచి పక్కనే ఉంది. కోడలూ నేనూ చెరో పిడికెడు తీసుకున్నాం. ఆమె ముక్కు గీసింది, నేను ఒక కాలు గీశాను.

"దూరం పోయి నిలబడి చెప్పు, ఏం కనబడుతున్నదో," అన్నాను ఆ మనిషితో.

అతను వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.